సమస్యాపూరణం: “నీరు లేని చోట నిండ మునిగె”

నిర్వాహకుడు: ఫాల్గుణంలో జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుకతిన్నెల మీద సాయంత్రం చెప్పులు చేతబట్టుకుని నడిచాను. పొద్దు గుంకగానే పైఇసుక చల్లబడింది. పాదం కూరుకుంటే లోపల ఇంకా వెచ్చన. అక్కడ తట్టిందీ పాదం. ఆటవెలదిలో పూరించండి. అప్పులు, చిట్టీలు వద్దు, కాస్త పైకి చూడండి.

గోదారిగట్టు:
చదువు లెన్నొ యీది చక్కగా గర్వించి
థారు నడుమ నిలిచె దారి లేక
వసంత సంధ్య జూచి వాగుడే మానేసి
నీరు లేని చోట నిండ మునిగె

లెక్కల మాస్టారు: ‘వసంత’ జగణం. ఆటవెలదిలో ఎక్కడ దూరుస్తారండీ? ‘చక్కగా’ యతి కోసం పిలిచిన చుట్టం.

గోదారిగట్టు: నిరుడు కాకి సమస్యకు మీరు ‘మనోహర’తో ఎత్తుకోలేదూ? అదీ జగణమే మాస్టారూ. సవరణ: “చైత్ర సంధ్య జూచి చప్పుడే లేకుండ”.

లెక్కల మాస్టారు: అది టైపు పొరపాటని అప్పుడే చెప్పాను. అయినా ఆయన వెళ్ళింది ఫాల్గుణంలో, మీరు చైత్రం అంటారేం?

జోధ్‌పూర్ కోడలు: ఇక్కడ హోళీ మర్నాడే చైత్రం మాస్టారూ, మన ఉగాదికి పదిహేను రోజుల ముందే. నా పూరణ:
జమ్మి నీడ జేరి జపమాల మఱచితి
పొద్దు వాలు వేళ బూలు రాలె
మంత్ర మేది లేక మౌనమందున మది
నీరు లేని చోట నిండ మునిగె

గోదారిగట్టు: ‘మది’ని మూడో పాదం చివర దాచి మునిగించారు చూడండి, అదీ దెబ్బ! కానీ దసరాకు పంచుకునే జమ్మిని ఎడారిదాకా లాక్కెళ్ళారేమిటమ్మా?

జోధ్‌పూర్ కోడలు: లాక్కెళ్ళలేదండీ, ఉన్నదే. ఇక్కడ ఖేజ్రీ అంటారు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్రవృక్షం అదొక్కటే. మాకు దగ్గర్లోని ఖేజర్లీ ఊళ్ళో 1730లో ఈ చెట్లు కొట్టడానికి రాజుగారి మనుషులొస్తే, అమృతాదేవి మొదలు 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. ఆ నీడలో కూర్చుంటే జపమాల గుర్తుండదు. రాలిన పూలు మాత్రం పక్కనున్న రోహిడావి, నారింజ రంగులో ఇసుక మీద నిప్పురవ్వల్లా ఉంటాయి.

నిర్వాహకుడు: జమ్మి అంటే శమి. శమం కోసం వెళ్ళినవాళ్ళకు శమి దొరికింది. అమ్మా, ఇవాళ్టికి మీదే పైచేయి.

పాలమూరు బావ: వద్దన్నా ఇదే వచ్చింది.
బోరు మూడు వేసి పొలమమ్మి యప్పుల
పాలు పడిన బావ పలక డేమి
నీళ్ళు చూడ లేదు నిజమె గాని యతడు
నీరు లేని చోట నిండ మునిగె

నిర్వాహకుడు: అప్పులు వద్దన్నానా! సరే, ఉంచండి. తీసేయడానికి చేతులు రావడం లేదు.

గోదారిగట్టు: మాస్టారూ, పొద్దుటి నుంచి మావి దిద్దుతున్నారు. మీ పూరణ ఏదీ?

లెక్కల మాస్టారు: నాలుగో పాదం సిద్ధం. పై మూడే మిగిలాయి.