పొట్టేలు పిల్లలకు కంది పొట్టు, తవుడు పెట్టొచ్చా?

తాండూరు షెడ్డు:
మూడు నెలల పొట్టేలు పిల్లలు 40 తెచ్చి షెడ్డులో మేపుతున్నా. కంపెనీ దాణా కొంటూ పోతే అమ్మిన రోజు చేతికేమీ మిగిలేలా లేదు. మా ఊళ్లో పప్పు మిల్లులకు కొదవ లేదు. వంద కిలోల కందులు ఆడిస్తే పప్పు దిగేది దాదాపు 70 కిలోలే. మిగిలిన పొట్టు, చున్నీకి (పప్పు నూక, పొడి) తవుడు కలిపి పెడదామంటే మా మామ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

అనంత కాపరి:
పెట్టన్నా, భయమెందుకు? కరువులో మా మందలు బతికిందే చెనక్కాయ కట్టె (కాయలు తెంపాక మిగిలే ఎండు చెట్టు) మీద. దాణా బస్తాలో ఉండేదీ ఈ తవుడు, నూనె తీసిన చెక్కలే. గుళికలు చేసి అమ్ముతారు, అంతే.

పాత మంద:
అంతే కాదు తమ్ముడూ. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. తయారీలో సున్నపురాయి పొడి కలిపి దాన్ని సరిచేస్తారు. పోయినేడు నేను కలపలేదు. ఒక పొట్టేలు పిల్ల పొద్దుటి నుంచి నడుం వంచి ముక్కుతోంది, తోక ఆడిస్తోంది, కింద చుక్క తడి లేదు. అరగలేదేమో అనుకొని ఆముదం తాగించా (నా తెలివి!). మర్నాటికి పొట్ట కింద వాపు దిగింది, ఆపై దక్కలేదు. డాక్టరు కోసి, మూత్రనాళంలోంచి ఇసుకలాంటి రాళ్లు తీసి నా అరచేతిలో పోశాడు. అదే దాణా తిన్న ఆడ గొర్రెపిల్లలకు ఏమీ కాలేదు, వాటి నాళం వెడల్పు.

అనంత కాపరి:
నీళ్లు తక్కువ తాగినా రాళ్లు కడతాయి కదా. తవుడునే ఎందుకంటావు?

పాత మంద:
రెండూ కలిశాయి. నేనేం తవుడు మానలేదు. పావు వంతు దాటనివ్వను, క్వింటా దాణాకు కిలోన్నర సున్నపురాయి పొడి, కిలో ఉప్పు వేస్తా. రెండు పూటలా తొట్టి కడిగి నీళ్లు పోస్తా. చున్నీలో మాంసకృత్తులు ఉంటాయి, పొట్టులో పీచే ఎక్కువ. మిల్లువాడు రెండూ కలిపేసి చున్నీ రేటు చెప్తాడు, చూసుకో. బూజు వాసన వేస్తే చవకైనా వద్దు.

ఏలూరు తోట:
మావైపు పామాయిల్ గింజల చెక్క దొరుకుతుంది. గేదెలు తింటున్నాయి కదా అని గొర్రెలకు బాగా పెట్టకండి. అందులో రాగి ఉంటుంది, గొర్రె కాలేయంలో పేరుకుపోతుంది.

తాండూరు షెడ్డు:
మామకు చదివి వినిపించా. చున్నీకి సరే అన్నాడు, తవుడుకు ఇంకా మెత్తబడలేదు. ఆ పొడికి బదులు తాంబూలం సున్నం వేయొచ్చా?

పాత మంద:
వద్దయ్యా బాబూ, నోళ్లు పొక్కిపోతాయి! కోళ్ల దాణా అమ్మే షాపులో అడుగు.