ఒకే పేరుతో రెండు ఓడలు, ఏది నేవీది ఏది కోస్ట్ గార్డుది?

గాజువాక కుర్రాడు:
అన్నలూ, కాస్త సాయం చేయండి. సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది. మా అమ్మాయి రేపు స్కూల్లో చార్ట్ ఇవ్వాలి. ఒక దీవుల దేశం ఓడల్లో నేవీవి ఒక పక్క, కోస్ట్ గార్డువి ఇంకో పక్క అతికించాలి. మా తమ్ముడు షిప్పు మీద పనిచేస్తాడు, అక్కడి రేవులో తీసిన ఫోటోలు పంపాడు. పేరు ముందున్న మూడక్షరాలు చూసి నేవీ అని పెట్టుకుంటూ పోతే అన్నీ అటే చేరాయి, కోస్ట్ గార్డు పక్క ఖాళీ. పైగా సిలాంగ్ అని వెతికితే ఒకచోట నేవీ అంటుంది, ఇంకోచోట కోస్ట్ గార్డు అంటుంది. ఒకే ఓడ రెండింట్లో ఎలా ఉంటుంది? జిగురు సీసా మూత తీసి కూర్చున్నాం.

లంగరు:
ఏ దేశం?

పాత సరంగు:
దీవుల దేశం అయితే ఇండోనేషియానే అయి ఉంటుంది బాబూ. అక్కడ తికమకే లేదు. నేవీ ఓడ పేరు ముందు కేఆర్ఐ ఉంటుంది, బకమ్లా (అక్కడి కోస్ట్ గార్డు లాంటి సంస్థ) వాళ్ల ఓడలకి కేఎన్ ఉంటుంది. ఇంకో మాట, కోస్ట్ గార్డు ఓడల్ని యుద్ధనౌకలు అనకండి. ఈమధ్య టీవీల వాళ్లు తెల్ల ఓడ కనిపించినా యుద్ధనౌక అనేస్తున్నారు, చిరాకేస్తుంది.

గాజువాక కుర్రాడు:
నేను యుద్ధనౌక అనలేదండీ. ఫిలిప్పీన్స్ ఓడలు, రాశాననుకున్నా. అక్షరాలు బీఆర్‌పీ.

లంగరు:
రంగు చూడు. తెలుపైతే కోస్ట్ గార్డ్. బూడిదైతే నేవీ.

రేవు కబుర్లు:
లంగరు అన్న రెండు ముక్కల్లో తేల్చేశాడు గానీ అసలు చిక్కు బీఆర్‌పీ దగ్గరుంది తమ్ముడూ. అది నేవీ గుర్తు కాదు. బార్కో నాంగ్ రిపుబ్లికా నాంగ్ పిలిపినాస్, అంటే ఫిలిప్పీన్స్ రిపబ్లిక్ ఓడ అని, అంతే. నేవీకీ అదే, కోస్ట్ గార్డుకీ అదే, చివరికి వాళ్ల చేపల శాఖ ఓడలక్కూడా అదే (బీఆర్‌పీ దాతు సాండే అని ఒకటుంది). కోస్ట్ గార్డు ఒకప్పుడు నేవీలోనే ఉండేది, 1998లో విడదీశారు, ఇప్పుడు రవాణా శాఖ కింద ఉంది.

ఇక సిలాంగులు ఇద్దరు, మొగుడూ పెళ్లాలు. డియెగో సిలాంగ్ 1762లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ ప్రాంతంలో స్పెయిన్ వాళ్ల మీద తిరగబడ్డాడు, మరుసటి ఏడు అతన్ని చంపేస్తే భార్య గాబ్రియెలా పోరాటం అందుకుంది, ఆమెనూ అదే ఏడు ఉరితీశారు. డియెగో పేరున్నది నేవీ ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక), కొరియాలో కట్టింది, 2025లో వచ్చింది. గాబ్రియెలా పేరున్నది కోస్ట్ గార్డుది, ఫ్రాన్స్‌లో కట్టించారు, 2020లో వచ్చింది. నీ ఫోటోలో ఎవరున్నారో నువ్వే చెప్పాలి, నంబర్ కనిపిస్తోందా?

గాజువాక కుర్రాడు:
తెల్లదే. 8301 అని ఉంది. నంబర్ కూడా కావాలని తెలీదు.

రేవు కబుర్లు:
గాబ్రియెలా. కోస్ట్ గార్డు నంబర్లో మొదటి రెండంకెలు ఓడ పొడవు, 83 అంటే దాదాపు 83 మీటర్లు. 44తో మొదలైతే జపాన్ నుంచి వచ్చిన పది చిన్న ఓడల్లో ఒకటి, 97 అయితే తెరెసా మగ్బనువా గానీ మెల్చోరా అక్వినో గానీ, అవీ జపాన్‌వే. పాతవాటికి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

గాజువాక కుర్రాడు:
అబ్బా, ఇది ముందే తెలిస్తే బాగుండేది. ఇంకొకటుంది, బూడిద రంగుది, గ్రెగోరియో డెల్ పిలార్. నేవీ పక్క పెట్టాను, కింద ఫ్రిగేట్ అని రాయమంటారా?

పాత సరంగు:
ఫ్రిగేట్ కాదు. గస్తీ నౌక. మొదట ఫ్రిగేట్ అన్నారు, తర్వాత వాళ్ల నేవీయే మార్చింది, ఇప్పుడది పీఎస్-15, పీఎస్ అంటే గస్తీ నౌక అనే. అసలది అమెరికా కోస్ట్ గార్డు కట్టర్ (వాళ్ల పెద్ద గస్తీ ఓడ), పాత పేరు హామిల్టన్, 2011లో ఫిలిప్పీన్స్‌కి ఇచ్చారు.

కొబ్బరి తోట:
అక్కడ కోస్ట్ గార్డు ఓడ ఇక్కడ నేవీ ఓడ అయింది, మీరేమో రంగు చూడు రంగు చూడు అంటారు. రంగు వేసుకుంటే మారదా?

లంగరు:
ఇప్పుడున్న రంగు.

కొబ్బరి తోట:
ఈ లేబుళ్లలో ఏముంది సరంగు గారూ. ఫిలిప్పీన్స్ వాళ్ల సియెర్రా మాద్రే చూడండి, 1944 నాటి అమెరికా ఓడ, 1999లో చైనా కూడా తనదనే అయుంగిన్ అనే సముద్రపు దిబ్బ మీద కావాలనే ఎక్కించి వదిలేశారు, ఇప్పుడంతా తుప్పు, లోపల కాపలాకి మనుషులున్నారు. కదల్లేదు. అయినా లెక్క ప్రకారం అది నేవీ ఓడే. అందుకే చైనా వాళ్లు దాని మీద చెయ్యి వేయడానికి ఆలోచిస్తారు. పేరు పెట్టడం వెనక రాజకీయం ఉంటుంది.

పాత సరంగు:
రాజకీయం వేరు, వర్గీకరణ వేరు. పెద్ద తుపాకీ ఉన్నంత మాత్రాన ఫ్రిగేట్ అయిపోదు. వాళ్ల నేవీలోనే జోస్ రిజాల్ అనే ఓడ ఉంది, అది ఫ్రిగేట్, దానికి క్షిపణులున్నాయి. డెల్ పిలార్‌కి ఏవీ?

కొబ్బరి తోట:
మరి 2011లో ఎందుకన్నారో చెప్పండి.

గాజువాక కుర్రాడు:
"నేవీ ఓడ" అని రాసి అతికించేశాం. పాప పడుకుంది. థాంక్స్ అన్నలూ.

పాత సరంగు:
గస్తీ నౌక అని రాయాల్సింది.