షాట్‌గన్ కార్ట్రిడ్జ్‌ల రీలోడింగ్: డొల్లకు తగిన వాడ్‌ను ఎలా ఎంచుకుంటున్నారు?

కొత్తగురి:
అందరికీ నమస్కారం. క్లే టార్గెట్ల (గాలిలోకి విసిరే మట్టి బిళ్ళల) సాధన కోసం 12 గేజ్ (గొట్టం వ్యాసపు కొలత), 70 మిల్లీమీటర్ల పొడవు డొల్లలను, అంటే పేలిన కార్ట్రిడ్జ్‌ల ఖాళీ గొట్టాలను, తిరిగి నింపుకుంటున్నాను. గుళ్ళు సీసానివి, తూకం ఒక ఔన్సు, అంటే దాదాపు 28 గ్రాములు. రెమింగ్టన్ ఎస్‌టీఎస్ డొల్లలకు సరిపడే వాడ్‌తో (మందుకూ గుళ్ళకూ మధ్య పెట్టే ప్లాస్టిక్ ముక్కతో) మూతి మడత చదునుగా, గట్టిగా కూర్చుంటోంది. అదే వాడ్‌ను ఫియోకి డొల్లల్లో పెడితే మడత మధ్యలో కుంగిపోయి, సన్న గుళ్ళు జారిపోయేంత రంధ్రం మిగులుతోంది. ఆ రెండో రకంలో కొన్ని పేలినప్పుడు శబ్దం కూడా మందంగా వస్తోంది. వాడ్ మారిస్తే సరిపోతుందా, లేక తుపాకీ మందు తూకం కూడా చూడాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పన్నెండుబోరు:
మీరు చెప్పిన రెండు లక్షణాలకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. వాడ్‌ను ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది గుళ్ళ బరువు కాదు, డొల్ల లోపలి ఆకారం. ఎస్‌టీఎస్ డొల్ల ఒకే ముక్కగా తయారవుతుంది. దాని గోడ అడుగుకు వెళ్ళేకొద్దీ మందమై, లోపలి ఖాళీ సన్నబడుతుంది. ఫియోకి డొల్ల గోడ మాత్రం పైనుంచి కిందిదాకా నిటారుగా ఉంటుంది, అడుగున విడిగా బిగించిన దిమ్మ ఉంటుంది, లోపల చోటు కూడా ఎక్కువ. అనుమానం ఉంటే ప్రైమర్ (మందును రాజేసే చిన్న మూత) తీసేసిన ఖాళీ డొల్లలను ఒక్కో రకానికి ఒకటి చొప్పున నిలువునా కోసి పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్ని పట్టికలు చదివినా అంత స్పష్టంగా తెలియదు.

వాడ్ అడుగున బోర్లించిన గిన్నె లాంటి భాగం ఉంటుంది కదా, మందు మండగానే దాని అంచు విప్పారి వాయువును పట్టి ఉంచాలి. సన్నబడే డొల్లల కోసం చేసిన వాడ్‌లో ఆ అంచు కొలత కాస్త తక్కువ. దానిని నిటారు డొల్లలో పెడితే చుట్టూ సందు మిగిలి, మందు రేణువులు ఆ సందులోకి ఎగబాకుతాయి. వాయువు కొంత ముందే తప్పించుకుంటుంది, శబ్దం మందగిస్తుంది. తిరగేసి చేసినా ప్రమాదమే: నిటారు డొల్ల వాడ్‌ను సన్నబడే డొల్లలోకి నొక్కితే అంచు ముడతపడుతుంది, వాడ్ మందును చేరకముందే ఆగిపోతుంది.

ఇక మందు తూకం గురించి. డొల్ల, ప్రైమర్, మందు, వాడ్, గుళ్ళ బరువు, ఈ ఐదూ కలిస్తేనే ఒక వంటకం. మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో ఈ ఐదూ ఒకే వరుసలో ఉన్నప్పుడే ఆ వరుసను నమ్మాలి. 70 మిల్లీమీటర్ల 12 గేజ్‌కు అమెరికా ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఒక్క వాడ్ మార్పుతోనే పీడనం వెయ్యి పీఎస్ఐకి పైగా అటూఇటూ కావచ్చు కాబట్టి, ఎస్‌టీఎస్ కోసం రాసిన తూకాన్ని ఫియోకిలో పోయడం సరికాదు. ఆ డొల్ల పేరుతో ఉన్న వరుసను వెతికి, అందులో చెప్పిన వాడ్‌ను తెచ్చుకోండి.

గుళ్ళసంచి:
పన్నెండుబోరు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మడత గురించి ఒక మాట. మందు, వాడ్, గుళ్ళు కలిసి డొల్లలో ఎంత ఎత్తుకు వస్తాయన్నదే మడత తీరును నిర్ణయిస్తుంది. ఎత్తు తక్కువైతే మీకు వచ్చినట్టు మధ్యభాగం కుంగుతుంది. ఎక్కువైతే మడత ఉబ్బి తెరుచుకుంటుంది. మడత అంచు కంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతున చదునుగా నిలిచినప్పుడు నేను నిశ్చింతగా ఉంటాను. కొద్దిపాటి కుంగుడుకు కొందరు గుళ్ళ గిన్నె (వాడ్ పైభాగంలో గుళ్ళు పట్టే గిన్నె) అడుగున 20 గేజ్ అట్టబిళ్ళ ఒకటి వేస్తారు. పట్టికలో ఆ బిళ్ళ కనిపించినప్పుడే నేను వేస్తాను. ఖాళీని నింపడానికి మందు పెంచడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడని పని.

గుళ్ళ గిన్నె రేకుల (నిలువునా చీలిన గోడ ముక్కల) ఎత్తు కూడా గమనించండి. ఫెడరల్ 12ఎస్3 వాడ్ ఒక ఔన్సు మీద ఎనిమిదో వంతు గుళ్ళకు ఉద్దేశించినది. 12ఎస్0 ఒక ఔన్సుకు. రెండూ నిటారు డొల్లలవే. వించెస్టర్ వాడ్‌లలో డబ్ల్యూఏఏ12, డబ్ల్యూఏఏ12ఎస్ఎల్ అదే క్రమంలో సన్నబడే డొల్లలకు వస్తాయి. గిన్నె చిన్నదై గుళ్ళు రేకుల పైకి పొంగితే, ఆ పై వరుస గుళ్ళు గొట్టాన్ని రాసుకుంటూ వెళ్ళి నలుగుతాయి, గొట్టంలో సీసం పేరుకుంటుంది.

మైదానంవైపు:
కొత్తగురి గారూ, మందమైన శబ్దం అన్నారు కనుక మిగతా విషయాలకంటే ముందు ఇది చదవండి. అటువంటి శబ్దం వచ్చిన వెంటనే పేల్చడం ఆపి, తుపాకీని ఖాళీ చేసి, గొట్టంలోకి వెలుతురు ఆరపార కనిపిస్తోందో లేదో చూడాలి. బలం చాలక వాడ్ గొట్టంలోనే నిలిచిపోయి ఉండవచ్చు. దాని వెనుక మరో కార్ట్రిడ్జ్ పేలితే గొట్టం చీలిపోతుంది. పక్కన ఎంతమంది వరుసలో ఎదురుచూస్తున్నా సరే, ఇందులో తొందర పనికిరాదు.

పేలిన వాడ్‌లను ఏరి చూడటం నాకు బాగా ఉపయోగపడిన అలవాటు. గురి వరుస మూసివేశాక, అనుమతి తీసుకుని, ముందుకు వెళ్ళి నాలుగైదు తెచ్చుకోండి. రేకులన్నీ సమానంగా విచ్చుకుని, అడుగు గిన్నె అంచు గుండ్రంగా చెక్కుచెదరక ఉంటే వాడ్ సరిపోయినట్టే. అంచు మీద ఒకవైపు నల్లటి చార పైకి పాకి ఉంటే వాయువు ఆ దారిన పోయిందని అర్థం. ఒక రేకు మడతపడి ఉంటే, తప్పు వాడ్‌ది కాకపోవచ్చు. లోడింగ్ ప్రెస్‌లో వాడ్‌ను దించే ప్లాస్టిక్ వేళ్ళు అరిగిపోయి, డొల్ల మూతి దగ్గర రేకు చిక్కుకుంటోందేమో చూడండి. చలి ఎక్కువగా ఉన్న రోజుల్లో ప్లాస్టిక్ బిరుసెక్కి అంచు తేలిగ్గా విప్పారదు కాబట్టి, బలం అంతంతమాత్రంగా ఉన్న తేలికపాటి లోడ్‌లు ముందుగా అప్పుడే మొరాయిస్తాయి.

కొత్తగురి:
వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు డొల్లలనూ కోసి చూశాను. ఫియోకిలో అడుగు దిమ్మ ఎంత తక్కువ ఎత్తులో ఉందో కళ్ళారా చూశాక కుంగుడుకు కారణం తెలిసింది. పట్టికలో ఆ డొల్లకు వేరే వాడ్, వేరే తూకం ఉన్నాయి. మరో సందేహం: మేం వెళ్ళే మైదానంలో ఇకపై ప్లాస్టిక్ వాడ్‌లు వద్దంటున్నారు. నీటి పక్షుల వేటకు స్టీల్ గుళ్ళ ఆలోచన కూడా ఉంది. ఇవే వాడ్‌లు వాటికి పనికొస్తాయా?

నీటిగట్టు:
స్టీల్ గుళ్ళకు పనికిరావు. సీసం నలుగుతుంది, స్టీల్ నలగదు. సాధారణ వాడ్ పలుచని రేకులను చీల్చుకుని గొట్టాన్ని గీరేస్తుంది. స్టీల్ కోసం చేసిన వాడ్ గోడలు మందంగా, గట్టి ప్లాస్టిక్‌తో ఉంటాయి. సీసం సాంద్రత 11.3, స్టీల్‌ది 7.8 కనుక అదే బరువుకు ఎక్కువ చోటు కావాలి. అందుకే ఆ వాడ్‌లలో నడుమ మెత్త దాదాపుగా లేకుండా గిన్నెనే లోతుగా చేస్తారు. కొన్ని వాడ్‌లు రేకులు కోయకుండానే వస్తాయి, సూచించిన పొడవున మనమే కోయాలి. సీసపు లోడ్ పట్టికలో గుళ్ళను మాత్రం స్టీల్‌గా మార్చి నింపడం పీడనాన్ని ప్రమాదస్థాయికి తీసుకెళ్ళే పని. మీ తుపాకీ గొట్టం, చోక్ (గొట్టం మూతి దగ్గరి సన్నని భాగం) స్టీల్‌కు తగినవో లేదో ముందే నిర్ధారించుకోండి.

పీచువాడ్:
ప్లాస్టిక్ వద్దన్న చోట నేను పీచు వాడ్‌లే వాడుతున్నాను, వాటి మీద మక్కువ కూడా ఉంది. మందు మీద గట్టి అట్టబిళ్ళ, దాని పైన పీచు దిమ్మ, ఆపైన గుళ్ళు. అట్టబిళ్ళ డొల్ల గోడకు బిగుతుగా తగలాలి, అడ్డంగా వాలకుండా తిన్నగా మందు దాకా దిగాలి. గుళ్ళ చుట్టూ రేకుల రక్షణ ఉండదు కాబట్టి అంచు గుళ్ళు నలిగి పక్కకు పోతాయి, చెదురు కాస్త విశాలమవుతుంది. దగ్గరి లక్ష్యాలకు అది లాభమే. దూరానికి చోక్ ఒక మెట్టు బిగించాలి. ఏ వాడ్‌కు మారినా 40 గజాల దూరంలో కాగితం కట్టి, 30 అంగుళాల వలయంలో ఎన్ని గుళ్ళు పడ్డాయో లెక్కించండి. ఒక్క కాగితంతో తీర్పు చెప్పకండి, ఒకే లోడ్‌తో కొన్ని కాగితాలు కొట్టాకే తేడా నిజమా కాదా అన్నది తేలుతుంది.

పన్నెండుబోరు:
పీచు వాడ్‌కు కూడా పట్టికలో వేరే వరుస ఉంటుందని గుర్తుంచుకోండి, ప్లాస్టిక్ వాడ్ తూకం దానికి వర్తించదు. ఇప్పటికే నింపి పెట్టిన ఫియోకి కార్ట్రిడ్జ్‌లను కాల్చి అవగొట్టాలని చూడకండి. మడత విప్పి, గుళ్ళు తిరిగి వాడుకుని, ఆ మందును డబ్బాలో కలపకుండా పారవేయండి. కొత్తవి నింపేటప్పుడు ముందు ఓ పది మాత్రమే చేసి, కాల్చి, వాడ్‌లు ఏరి చూశాక మిగతా డొల్లలు తీయండి.