1929 మాంద్యానికి షేర్ మార్కెట్ ఒక్కటే దోషా?

గోదారి గట్టు:
1929 అక్టోబర్‌లో వాల్‌స్ట్రీట్ కూలింది, దానితో అమెరికా మునిగింది అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. నిజంగా అంత సింపులా?

బుల్ రన్:
సింపులే అన్నా. చేతిలో పది డాలర్లుంటే తొంభై బ్రోకర్ దగ్గర అప్పు తెచ్చి వంద డాలర్ల షేర్లు కొన్నారు. ధర పది శాతం పడితే సొంత డబ్బు గోవిందా! షేర్ల ధరలు చూపే డౌ జోన్స్ సూచీ 1929 సెప్టెంబర్‌లో 381, 1932 జులైలో 41. ఇంకేం రుజువు కావాలి?

పాత లెడ్జర్:
బుల్ రన్ గారూ, ఆ రెండు అంకెల మధ్య దాదాపు మూడేళ్లున్నాయి, వాటిని దాటేశారు. 1930 ఏప్రిల్‌కి డౌ మళ్లీ 294 దాకా ఎక్కింది. గండం గడిచిందనే అనుకున్నారు చాలామంది. పైగా ఉత్పత్తి క్రాష్ కంటే ముందే, 1929 వేసవిలోనే తగ్గడం మొదలైంది. షేర్ల జూదాన్ని అదుపు చేద్దామని ఆ ఆగస్టులో న్యూయార్క్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ శాఖ) బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని 6 శాతానికి పెంచింది.

నన్నడిగితే అసలు దెబ్బ 1930 డిసెంబర్‌లో పడింది. న్యూయార్క్‌లో 'బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్' అని ఒకటుండేది. పేరు చూసి సర్కారుదనుకునేరు, ప్రైవేటుదే. వలస వచ్చిన యూదు కుటుంబాల పొదుపు చాలా అందులోనే. డిసెంబర్ 10న పుకారు పుట్టి బ్రాంక్స్ బ్రాంచి ముందు వేలల్లో జనం పోగయ్యారు. సగం మంది వింత చూడ్డానికే వచ్చి ఉంటారు. కానీ రెండంటే రెండు డాలర్ల కోసం లైన్లో నిలబడ్డవాడూ ఉన్నాడట! మర్నాడు బ్యాంకు తెరవలేదు. అప్పటికి దేశమంతటికీ డిపాజిట్ బీమా లేదు. ఇక ఎవడు డబ్బు బ్యాంకులో ఉంచుతాడు? ఇంట్లో దాచుకున్నారు, బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి, 1933కి దేశంలో నోట్లు, బ్యాంకు డిపాజిట్లు కలిపిన మొత్తం డబ్బు దాదాపు మూడో వంతు హరించుకుపోయింది.

మెట్ట రైతు:
మీ ఇద్దరూ న్యూయార్క్ దాటి రారేం? మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ రేటు చూసి రైతులు అప్పు చేసి భూములు కొన్నారు. 1920లో రేటు పడింది, అప్పు మాత్రం అలాగే ఉంది. ఒక్క బ్రాంచితో నడిచే పల్లె బ్యాంకులు క్రాష్‌కి ముందే వందల్లో మూతపడుతున్నాయి. దానికి తోడు 1930లో స్మూట్-హాలీ చట్టంతో దిగుమతుల మీద పెంచిన సుంకాలు, గోరుచుట్టు మీద రోకటిపోటు.

పాత లెడ్జర్:
రైతు గారూ, పల్లె బ్యాంకుల సంగతి ఒప్పుకుంటా, నేను వదిలేశాను. సుంకాలకు మాత్రం అంత బరువు ఇవ్వను, అప్పట్లో అమెరికా ఎగుమతులు మొత్తం ఆదాయంలో చిన్న భాగమే. బ్యాంకులు అలా పడిపోతుంటే ఫెడ్ ఏం చేసిందో చూడండి: 1931 అక్టోబర్‌లో, బంగారం దేశం దాటిపోకుండా వడ్డీని 1.5 నుంచి 3.5 శాతానికి ఎక్కించింది!

బుల్ రన్:
సరే, ఫెడ్ తప్పు ఒప్పుకుంటా. అయినా ముందు పేకాటకు కూర్చున్నది ఎవరు?