లినక్స్ కెర్నెల్ నుంచి తీసుకున్న డ్రైవర్‌ను 4.9, 6.6 వెర్షన్లు రెండింటిలోనూ ఒకే సోర్స్‌తో నడపడం ఎలా?

ప్రశ్న (అనంతపురం నుంచి)

బోరుబావుల నీటిమట్టం కొలిచే పరికరాల కోసం లినక్స్ కెర్నెల్‌లోని (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలోని) ఒక ఐ2సీ (చిప్‌లను రెండు తీగలతో కలిపే పద్ధతి) సెన్సార్ డ్రైవర్ సోర్స్‌ను తీసుకొని, మా సెన్సార్‌కు తగినట్లు మార్చి, కెర్నెల్ బయటే మాడ్యూల్‌గా (విడిగా ఎక్కించే భాగంగా) నడుపుతున్నాము. గార్లదిన్నె, శింగనమల మండలాల్లో బిగించిన పాత బోర్డుల్లో 4.9 కెర్నెల్ ఉంది; వాటిని ఇప్పట్లో మార్చే వీలు లేదు. కొత్త బోర్డులు 6.6తో వస్తున్నాయి. అందులో కంపైల్ చేస్తే సెటప్_టైమర్ (టైమర్‌ను సిద్ధం చేసేది) లేదనీ, ప్రోక్ (కెర్నెల్ సమాచారాన్ని ఫైళ్లుగా చూపే డైరెక్టరీ) ఫైలుకు ఇచ్చిన ఫైల్_ఆపరేషన్స్ పట్టిక చెల్లదనీ, డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ రకం కలవడం లేదనీ ఎర్రర్లు వస్తున్నాయి. ప్రతిచోటా వెర్షన్ షరతులు పెడుతూ పోతే కోడ్ చదవడానికి వీలు లేకుండా పోతోంది. రెండు శాఖలుగా విడదీయడమే మంచిదా?

జవాబు (కర్నూలు నుంచి)

విడదీయవద్దండీ. ఒక శాఖలో దిద్దిన లోపం రెండో శాఖలో అలాగే మిగిలిపోతుంది. డ్రైవర్ మొత్తాన్ని 6.6 కోరే తీరులోనే రాసి, కొత్త కెర్నెల్‌లో ఉండి పాతదాంట్లో లేని వాటిని మాత్రమే ఒక కంపాట్ హెడర్‌లో (వెర్షన్ల తేడాలను సర్దే ఫైలులో) సమకూర్చండి. షరతులన్నీ ఆ ఒక్క ఫైలులోనే ఉండాలి. పాత కెర్నెళ్లకు కొత్త వైర్‌లెస్ డ్రైవర్లను అందించిన బ్యాక్‌పోర్ట్స్ ప్రాజెక్టు పద్ధతి ఇదే. ఎప్పుడో 4.9 బోర్డులు పోయిన రోజున ఆ హెడర్‌ను తీసేస్తే సరిపోతుంది, డ్రైవర్ జోలికి పోనక్కరలేదు.

టైమర్ సంగతి తేలిక. 4.15లో సెటప్_టైమర్‌ను తొలగించి, దాని స్థానంలో టైమర్_సెటప్ ఒక్కదాన్నే ఉంచారు. దీనిలో కాల్‌బ్యాక్‌కు (టైమర్ ముగిసినప్పుడు నడిచే ఫంక్షన్‌కు) అన్‌సైన్డ్ లాంగ్ సంఖ్య బదులు టైమర్ పాయింటరే అందుతుంది. పాత కెర్నెల్ కోసం టైమర్_సెటప్ అనే మాక్రో రాసి, డేటాగా ఆ టైమర్ చిరునామానే పంపించి, కాల్‌బ్యాక్ రకాన్ని కాస్ట్ చేస్తే డ్రైవర్ కోడ్‌కు తేడా తెలియదు. 6.1 నుంచి ఐ2సీ రిమూవ్ ఫంక్షన్ ఏ విలువనూ తిరిగి ఇవ్వదు కాబట్టి, పాతదానికి సున్నా ఇచ్చే చిన్న తొడుగు ఒకటి చాలు. ప్రోక్ విషయంలో మాత్రం మాక్రోలతో పేర్లు మార్చే తెలివితేటలకు పోకండి. 5.6లో వచ్చిన ప్రోక్_ఆప్స్‌కూ పాత ఫైల్_ఆపరేషన్స్‌కూ సభ్యుల పేర్లే వేరు కనుక, కంపాట్ ఫైలులో రెండు పట్టికలు విడివిడిగా రాసుకోవడం మేలు. అసలు సెన్సార్ రీడింగులకు ప్రోక్ ఎందుకో నాకు అర్థం కాలేదు, అది వేరే మాట.

జవాబు (కడప నుంచి)

పై సలహా సరైనదే కానీ, ఆ హెడర్‌లోని షరతులను వెర్షన్ నంబరు మీద ఆధారపడనివ్వకండి. రెడ్‌హ్యాట్ లినక్స్ 8 కెర్నెల్ పేరుకు 4.18 అయినా, అంతకు తరువాతి కెర్నెళ్ల మార్పులు దానిలో చాలా చేర్చారు. అలాంటిచోట నంబరు చూసి తీసుకున్న నిర్ణయం తప్పుతుంది. కెర్నెల్ బయట ఉండే ఫైల్ సిస్టమ్ ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్, కాన్ఫిగర్ దశలో చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములను ఆ కెర్నెల్ హెడర్లతో కంపైల్ చేసి చూసి, ఏది ఉందో ఏది లేదో తేల్చుకుంటుంది. మీ బోర్డు తయారీదారు కెర్నెల్‌లో ఏమేమి కలిపారో ఎవరికి తెలుసు?

ఇంకొకటి అడుగుతాను. మీ రీడింగు ఎంతసేపటికి ఒకసారి? నిమిషాల లెక్కయితే కెర్నెల్ డ్రైవరే అవసరం లేదు. లోపలి ఇంటర్‌ఫేసులు స్థిరంగా ఉంటాయని లినక్స్ ఎప్పుడూ హామీ ఇవ్వలేదు. యూజర్‌స్పేస్‌కు (మామూలు ప్రోగ్రాములు నడిచే చోటుకు) కనిపించే సిస్టమ్ కాల్స్‌ను మాత్రం చెడగొట్టకూడదన్నది అక్కడి నియమం. ఐ2సీ-డెవ్ (ఐ2సీని ప్రోగ్రాములకు నేరుగా అందించే కెర్నెల్ ఇంటర్‌ఫేసు) ద్వారా చదివే మామూలు సీ ప్రోగ్రాం రెండు బోర్డుల మీదా ఒకేలా నడుస్తుంది. అదే చిరునామాను కెర్నెల్ డ్రైవర్ పట్టుకొని ఉంటే బిజీ అని తిరస్కరిస్తుంది కాబట్టి, ముందు మీ మాడ్యూల్‌ను తీసివేయండి.

ప్రశ్న అడిగినవారు

నీటిమట్టం పావుగంటకొకసారి చదివితే చాలండీ, దానిని ఐ2సీ-డెవ్‌కు మారుస్తాము. డ్రిప్ లైను మీద పల్స్‌లు లెక్కించే భాగానికి ఇంటరప్ట్ (సంకేతం రాగానే కెర్నెల్‌కు తెలిపే ఏర్పాటు) కావాలి కనుక అది మాడ్యూల్‌గానే ఉంటుంది. దానికి కర్నూలు మిత్రులు చెప్పిన హెడర్‌ను, కాన్ఫిగర్ పరీక్షలతో కలిపి రాస్తాము.

జవాబు (కడప నుంచి)

పల్స్‌ల వేగం ఎంతో చెప్పండి. తక్కువైతే జీపీఐఓ (బోర్డు మీది సాధారణ సంకేత పిన్నుల) క్యారెక్టర్ డివైస్ ఇచ్చే ఎడ్జ్ ఈవెంట్లే (సంకేతం మారినప్పుడల్లా వచ్చే సూచనలే) సరిపోవచ్చు, అది 4.9లోనూ ఉంది.