‘ప్రైవేటు పాట’ అంటే ఎవరి పాట?

ప్రశ్న: గాయని మంగ్లి గురించి ఎక్కడ చదివినా ‘మొదట ప్రైవేటు పాటలు పాడి, తర్వాత సినిమాల్లోకి వచ్చారు’ అని రాస్తారు. ఊరూరా మైకుల్లో మోగే బతుకమ్మ పాట ప్రైవేటు ఎలా అవుతుందండీ? దీనికి తెలుగు మాట లేదా?

జవాబు: ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెడితే సంగతి తేలుతుందండీ. మన వాడుకలో ప్రైవేటు అంటే గుట్టుగా ఉంచుకునేది అని కాదు. సర్కారుది కాకపోతే ప్రైవేటు బస్సు. బడి వదిలాక మాస్టారి దగ్గర చెప్పించుకునే చదువు ప్రైవేటు. కాలేజీ గడప తొక్కకుండా ‘ప్రైవేటుగా బీఏ కట్టాను’ అంటాం. అసలుది అని ఒకటి పెట్టుకుని, దాని బయట ఉన్నదానికల్లా ఈ పేరు తగిలిస్తాం. పాటల విషయంలో ఆ ‘అసలుది’ సినిమా. కరుణశ్రీ రాసిన ‘పుష్పవిలాపం’ పద్యాలు ఘంటసాల పాడితే అవి ప్రైవేటు రికార్డులు. ఆయన పాడిన భగవద్గీతా అంతే! భగవద్గీత ప్రైవేటు ఏమిటని నవ్వొస్తుంది గానీ, సినిమావాళ్ల లెక్క అది.

రేడియోవాళ్లకు ఈ తిప్పలు లేవు. వాళ్లు ‘లలిత గీతం’ అన్నారు. మంచి మాటే. కానీ అది మెత్తటి గొంతుకూ భావకవిత్వానికీ అలవాటుపడిపోయింది. డప్పు దరువు మీద నడిచే పాటను లలిత గీతం అంటే ఎవరికీ మింగుడుపడదు.

ఇక మంగ్లి గారి సంగతి. ఆమె అసలు పేరు సత్యవతి. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర బసినేపల్లి తండాలో లంబాడీ కుటుంబంలో పుట్టారు. తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. జనానికి తెలిసింది మాత్రం ముందు మాటతోనే. వీ6 ఛానల్ తీన్మార్ వార్తల్లో ‘మాటకారి మంగ్లి’గా. రాయలసీమ తండా అమ్మాయి తెలంగాణ యాసలో మాట్లాడి, పండగ పండగకీ యూట్యూబులో పాట వదులుతూ హైదరాబాదులో నిలదొక్కుకున్నారు. సినిమాలకన్నా ముందే ఆ గొంతు ఇంటింటికీ తెలుసు. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ సినిమాలో అనురాగ్ కులకర్ణితో కలిసి పాడిన పాట ఆ పేరును ఇంకా పెంచింది, అంతే. అందుకే ‘ప్రైవేటు నుంచి సినిమాకి’ అని ప్రమోషన్ వచ్చినట్టు రాయడం నాకు నచ్చదు. సినిమాయే ఆమె గొంతు కోసం వచ్చింది.

ఇంకొకరు: మరి స్మిత గారిని ‘పాప్ సింగర్’ అనీ, మంగ్లి గారిని ‘ఫోక్ సింగర్’ అనీ ఎందుకంటారు? ఇద్దరిదీ సినిమా బయటి దారే కదండీ.

జవాబు: బాగా అడిగారు. స్మిత గారు ‘పాడుతా తీయగా’లో పాడి, ‘హాయ్ రబ్బా’ ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్నారు. తమాషా ఏమిటంటే, ఆవిడకు బాగా పేరు తెచ్చిన రీమిక్సుల్లో ‘మసక మసక చీకటిలో’ ఒకటి. అది 1973 నాటి ‘దేవుడు చేసిన మనుషులు’ సినిమాలోది. అంటే సినిమా పాట బయటికొచ్చి బీటు మార్చుకుంటే పాప్ అయింది! ఇక్కడ పాప్ అంటే బీటు, వీడియో, వేషం. ఫోక్ అంటే యాస, దరువు, పండగ. ఏ జనం వింటున్నారన్న లెక్క రెండింటిలోనూ లేదు. వినేవాళ్ల సంఖ్యే కొలత అయితే మంగ్లి గారిని మించిన పాప్ సింగర్ తెలుగులో ఇప్పుడెవరండీ?

‘జానపదం’ దగ్గర ఇంకో చిక్కు. పండితుల లెక్కలో జానపదానికి కర్త పేరు ఉండదు, నోటి నుంచి నోటికి పాకుతుంది. ఇప్పుడు యూట్యూబులో వచ్చే ‘జానపదాల’ కింద రాసినవారు, బాణీ కట్టినవారు, కెమెరా పట్టినవారు అందరి పేర్లూ ఉంటాయి. 2021లో మంగ్లి గారు సినిమాకి పాడిన ‘సారంగ దరియా’నే చూడండి. పల్లవి జనం నోట్లోది, చరణాలు సుద్దాల అశోక్ తేజ గారివి. అప్పట్లో దానిమీద నడిచిన గొడవలో ఇదీ ఒకటి కదా, ఎంత జనానిది, ఎంత కవిది అని.

మరొకరు: ప్రైవేటు పాటను ‘విడిపాట’ అంటే ఎలా ఉంటుంది? సినిమా కథకు కట్టుబడకుండా విడిగా నిలబడే పాట.

జవాబు: ‘సినిమాయేతర గీతం’ కన్నా వెయ్యి రెట్లు నయం. పలకడానికీ తేలిక. నాకున్న అనుమానం ఒక్కటే. విడిపూలు, విడి సరుకు అన్నప్పుడు కట్టలోంచి ఊడిన చిల్లర అనే వాసన కొడుతుంది. పైగా ఇదీ సినిమాకు బయట అనే చెబుతోంది, ప్రైవేటు లాగే. ఆ లెక్కన ముందు చేర్పు కావలసింది సినిమా పాటకే. అది ‘సినిమా పాట’, ఇది ‘పాట’. మంగ్లి గారి పరిచయం నేను రాస్తే ‘పాటలు పాడి పేరు తెచ్చుకున్నారు, తర్వాత సినిమాలకూ పాడారు’ అని రాస్తాను. ప్రైవేటు అనే మాట లేకపోయినా ఆ వాక్యానికి ఏ లోటూ లేదు.