ఇంటింటికీ కుళాయి: ఆ గడువు ఏ లెక్కతో పెట్టారు?

పర్లాకిమిడి వాసి:
2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని మోదీ జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. 2024 కల్లా పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు అన్నారు. 2025 బడ్జెట్‌లో ఆ పథకాన్ని 2028 దాకా పొడిగించారు. అంతకుముందు 2016లో, రైతు ఆదాయం 2022 కల్లా రెట్టింపవుతుందన్నారు. 2022 స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండిన సంవత్సరం, 2024 ఎన్నికల సంవత్సరం. ఒడిశాలోని మన గజపతి జిల్లా కొండల్లో పైపులు వేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో, వేసవిలో బోర్లు ఎంత నీరిస్తాయో చూసి పెట్టిన గడువులని నాకు అనిపించదు. ఏ పార్టీ వచ్చినా ఇదే తీరు. నేను వీటిని నమ్మడం మానేశాను. మీరేమంటారు?

గుణుపురం మాస్టారు:
గడువు పెట్టడమే తప్పంటే ఒప్పుకోను బాబూ. 2019లో దేశం మొత్తం మీద పల్లెల్లో 3.23 కోట్ల ఇళ్ళకే కుళాయి ఉండేది. 2025 నాటికి అది 15 కోట్లు దాటింది. తేదీ లేకపోతే బిల్లు కదలదు, కాంట్రాక్టరు కదలడు. ‘చూద్దాం’ అన్న మాట వింటూ ముప్పై ఏళ్ళు పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగాను. ఐదేళ్ళ పని తొమ్మిదేళ్ళయినా పూర్తయితే నాకు చాలు.

కాశీనగరం కోడలు:
మాస్టారూ, ఆ 15 కోట్లలో మా ఇల్లు కూడా ఉంది. గోడ పక్కన సిమెంటు దిమ్మ కట్టి కుళాయి బిగించారు. మామయ్యను పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నారు, ఆధార్ నంబరు రాసుకున్నారు. నెల రోజులు నీళ్ళు వచ్చాయి. ఇప్పుడు దాని మూతిలో కందిరీగ మట్టిగూడు పెట్టింది. మా అత్తయ్య ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే బోరింగు దగ్గర బిందె పెట్టి వస్తుంది. వీధి చివర పథకం బోర్డు ఒడియాలో ఉంటే మా పాప చదివి చెప్పింది: ఎంత ఖర్చయిందో ఉంది, ఎన్ని ఇళ్ళో ఉంది. రోజుకు ఎన్ని లీటర్లు ఇవ్వాలో మాత్రం లేదు.

పర్లాకిమిడి వాసి:
నా బాధ అదేనమ్మా. కుళాయి బిగించగానే మీ ఇల్లు లెక్కలోకి ఎక్కింది. నీళ్ళు ఆగిపోతే ఆ లెక్కలోంచి తీసే మనిషి లేడు. రేపు 2028లో నూరు శాతం పూర్తయిందని చెప్పినా, ఆ నూరులో మీ కందిరీగ గూడు కూడా ఉంటుంది.

గుణుపురం మాస్టారు:
అమ్మా, ఇది నాకు తెలియదు. గడువు ఉండాలన్న మాట మీదే ఉన్నాను, కానీ కొలవాల్సింది నీళ్ళనే. మీ ఇంట్లో ఐదుగురుంటే రోజుకు 275 లీటర్లు రావాలి, అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిదికి పైనే. వారం రోజులు కుళాయి దగ్గర ఎన్ని బిందెలు నిండాయో ఒక పుస్తకంలో తేదీ వేసి రాయండి, సున్నా అయితే సున్నా అనే రాయండి. ఇరుగుపొరుగు చేత కూడా రాయించండి. ఊరంతటికీ నీళ్ళు అందాయని ధ్రువీకరించడానికి గ్రామసభ తీర్మానం కావాలి. ఆ కాగితం మీ ముందుకు వచ్చిన రోజున ఈ పుస్తకం తెరిచి చదవండి. సంతకం మాత్రం పెట్టకండి.